చదువుకీ కొలువుకీ నడుమ

అక్షరాస్యత పెరిగితే అభివృద్ధి దానంతటదే వస్తుందని మా తరానికి బడిలో చెప్పారు. 1951 జనాభా లెక్కల్లో నూటికి 18 మందికే చదవడం, రాయడం వచ్చిన దేశానికి ఆ నమ్మకం అవసరమే. 2011 నాటికి ఆ సంఖ్య సుమారు 73కు చేరింది. అయితే అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదికలోని ఒక లెక్క నన్ను వదలడం లేదు. 2022లో మన యువతలో నిరక్షరాస్యుల నిరుద్యోగం 3.4 శాతం, పట్టభద్రులది 29.1 శాతం.

చదువు మనిషిని పనికిరాకుండా చేసిందని దీనికర్థం కాదు. నిరుపేదకు ఊరికే కూర్చునే స్తోమత ఉండదు, దొరికిన కూలికి పోతాడు. నిరీక్షించగలగడం కూడా ఒక విధమైన కలిమే. కానీ ఆ నిరీక్షణకయ్యే ఖర్చు ఎవరి పద్దులో రాయాలి?

మా మేనల్లుడు రెండు కుటుంబాల్లోనూ మొదటి ఇంజనీరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకుంటే వాడు కాలేజీ గడప తొక్కేవాడు కాదు. అందుకే ఆ పథకాన్ని చులకన చేసేవారితో నేను ఏకీభవించలేను. కానీ పట్టా చేతికొచ్చాక నాలుగేళ్ళు అమీర్‌పేట హాస్టల్లో గడిచాయి. ఒక కోర్సు, ఆపైన ఇంకో కోర్సు, మధ్యలో గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. కాలేజీలో ఒక్క మోటారునైనా విప్పి చూడలేదట. అక్క రెండు గేదెలను అమ్మి డబ్బు పంపింది. "వాడేం చేస్తున్నాడే?" అంటే, "ఇంకా చదువుకుంటున్నాడురా" అనేది, నా ముఖం చూడకుండా.

ఈ విషయంలో నాకు దక్షిణ కొరియా తరచూ గుర్తొస్తుంది. 1960లలో అక్కడ దాదాపు పిల్లలందరూ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళేవారు. అదే కాలంలో దుస్తులు, విగ్గులు, ప్లైవుడ్ ఎగుమతి చేసే కర్మాగారాలు వెలిసి, ఆ కొద్దిపాటి చదువుకే పని ఇచ్చాయి. 1973లో భారీ పరిశ్రమల వైపు మళ్ళినప్పుడు సాంకేతిక ఉన్నత పాఠశాలలను విస్తరించారు. విశ్వవిద్యాలయాలు కిక్కిరిసింది ఆ తరువాతే. చదువు ఒక మెట్టెక్కితే పని కూడా ఒక మెట్టెక్కింది. (అదంతా పూలబాట కాదు. కుట్టు కార్ఖానాల దుస్థితికి నిరసనగా 1970లో జొన్ తే-ఇల్ అనే యువ కార్మికుడు సియోల్‌లో ఆత్మాహుతి చేసుకున్నాడు.)

మనం పైమెట్టు ముందు కట్టాం. ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీ 1951లో వచ్చింది, నిర్బంధ ఉచిత విద్య హక్కుగా అమలుకు వచ్చింది 2010లో. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు కేటాయించమని 1966లో కొఠారీ కమిషన్ చేసిన సిఫారసు నేటికీ నెరవేరలేదు. పదో తరగతి, ఇంటర్ చదివిన ఆడపిల్లలు వేలల్లో పనిచేసే కర్మాగారాలు అచ్యుతాపురంలో, శ్రీసిటీలో ఈ శతాబ్దంలోగానీ రాలేదు. తెల్లవారుజామున కంపెనీ బస్సు కోసం నిలబడే ఆ పిల్లల జీతం తక్కువే, పని కఠినమే. అయినా వాళ్ళ చదువుకు బజారులో ఒక విలువ ఏర్పడింది. తమ్ముళ్ళ ఫీజులు ఆ జీతాల్లోంచే వెళుతున్నాయి.

మేనల్లుడు ఇప్పుడు సోలార్ పంపుసెట్లు బిగించే ఒక కాంట్రాక్టరు వద్ద పనిచేస్తున్నాడు. మోటారు విప్పడం అక్కడ ఐటీఐ చదివిన ఒక కుర్రాడు నేర్పాడట. వాడికంటే ఆరేళ్ళు చిన్నవాడు.