ఉత్తుత్తి ఉపగ్రహం

పిల్లలూ! మీరు ఎప్పుడైనా ఉప్పల్ నుంచి మా నాచారం వచ్చారా? దారికి అటూ ఇటూ ఫ్యాక్టరీలూ, లేతు మిషన్ల షెడ్లూ, వాటి నడుమ కొత్తగా లేస్తున్న మేడలూ కనిపిస్తాయి. మా వీధిలో అలాటి మేడకు ఈమధ్య లిఫ్టు బిగించారు. పిల్లలంతా ఎక్కుదామని పరుగెత్తారు. కాని మేస్త్రీ ఎవరినీ ఎక్కనివ్వక, అందులో ఇనప దిమ్మలు పెట్టి పైకీ కిందికీ తిప్పాడు. "మొదటి షికారు దిమ్మలకా?" అని ఒక పిల్ల మూతి ముడుచుకున్నది.

ఆకాశానికి పోయే రాకెట్లలో కూడా చాలాసార్లు మొదటి షికారు దిమ్మలదే!

కొత్త రాకెట్టు సరిగా పైకి పోతుందో, సముద్రంలో పడుతుందో దాన్ని చేసినవారు కూడా ముందుగా చెప్పలేరు. ఇంజన్లను నేలమీదనే బిగించి మండించి చూస్తారు. అయినా అన్ని అంచెలూ కలిసి ఎలా పనిచేస్తాయో ఎగిరితేగాని తెలియదు. పోనీ, ఖాళీగా పంపుదామంటే అది పరీక్షే కాదు. బరువు లేనప్పుడు రాకెట్టు వేగమూ, అదురూ వేరుగా ఉంటాయి. అందుచేత అసలు ఉపగ్రహమంత బరువు గల ఉత్తుత్తి ఉపగ్రహాన్ని పెడతారు. బరువు ఒక్కటీ సరిపోతే చాలదు సుమా! నెత్తిన నీళ్ళబిందె కాస్త పక్కకు ఒరిగితే నడక ఎలా తడబడుతుందో మీకు తెలుసుగదా? అలాగే, బరువు ఏ చోట నిలుస్తుందో అదికూడా అసలుదానిలాగే ఉండాలి.

2014 డిసెంబరు 18న మన శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 అనే పెద్ద రాకెట్టు మొదటిసారి లేచింది. దాని పై అంచెకు కావలసిన క్రయోజెనిక్ ఇంజను అప్పటికి సిద్ధం కాలేదు. అందుకని అక్కడ ఉత్తుత్తి అంచె పెట్టి, తొట్టిలో ద్రవ ఆక్సిజనుకు బదులు మండని ద్రవ నత్రజని పోశారు. కొసన మనుషులు కూర్చునేటందుకు చేసిన గది నమూనా ఉన్నది. అందులో మనిషి లేడు! మూడున్నర టన్నులు దాటిన ఆ గది 126 కిలోమీటర్ల ఎత్తునుంచి దిగి, పారాషూట్లు విప్పుకుని, అండమాన్ దీవుల దగ్గర సముద్రంలో పడింది. 2023లో చంద్రయాన్-3ను మోసుకుపోయినది ఈ జాతి రాకెట్టే.

జపానువారి హెచ్-3 రాకెట్టు కథ వేరు. 2023 మార్చి 7న దాని మొదటి ప్రయాణంలోనే దైచి-3 అనే అసలు ఉపగ్రహాన్ని పెట్టారు. రెండో అంచె ఇంజను అంటుకోలేదు. గత్యంతరం లేక రాకెట్టును పేల్చివేయవలసి వచ్చింది, ఉపగ్రహమూ దానితోపాటే పోయింది. 2024 ఫిబ్రవరి 17న రెండోసారి ఎగిరినప్పుడు ముఖ్యమైన చోటున దిమ్మను కూర్చోబెట్టారు. ఈసారి రాకెట్టు చక్కగా పనిచేసింది!

మరి, అందరూ మొదటే దిమ్మను పెట్టరేం? దిమ్మను పంపటానికీ అంతే ఖర్చు. పైగా, కొత్త రాకెట్టులో చోటు తక్కువ ధరకు దొరుకుతుంది గనక, డబ్బులేనివారు తెగించి ఎక్కుతారు. 2022 ఆగస్టు 7న శ్రీహరికోటలో ఎస్‌ఎస్‌ఎల్‌వీ అనే చిన్న రాకెట్టు తొలిసారి ఎగిరింది. అందులో 8 కిలోల ఆజాదీశాట్ ఉన్నది. దేశంలోని 75 పాఠశాలల బాలికలు, 750 మంది కలిసి చేసినది! వారిలో కొందరు వచ్చి రాకెట్టు లేవటం కళ్ళారా చూశారు. రెండో అంచె విడిపోయేటప్పుడు క్షణకాలం అదురు పుట్టింది. దానితో రాకెట్టులోని కంప్యూటరు సెన్సార్లు చెడిపోయాయని పొరబడింది. ఉపగ్రహాలు వెళ్ళిన కక్ష్య ఒకవైపు భూమికి 76 కిలోమీటర్ల దాకా దిగిపోయింది. అంత కింద గాలి రాపిడికి ఏదీ నిలవలేదు.

నన్నడిగితే, ఆనాడు ఇనప దిమ్మను పెట్టి ఉంటే బాగుండేదంటాను. ఆ బాలికలు ఏమంటారో మరి! ఎందుకంటే, ఆజాదీశాట్-2 తయారై, 2023 ఫిబ్రవరి 10న అదే జాతి రాకెట్టు రెండోసారి లేచినప్పుడు మళ్ళీ అందులోనే ఎక్కింది. ఈసారి 450 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలోకి చేరింది.