మట్టి కుమార్తెలు

మావారు బడి గ్రంథాలయమునుండి తెచ్చిన చిత్రముల పుస్తకమొకటి మొన్నరాత్రి వంటయిల్లు సర్దుకొని తెఱచితిమి.

చీనాదేశపు తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ క్రీస్తునకు పూర్వము 210లో మరణించెను. ఆయన సమాధికి కాపుగా, కాల్చిన మట్టితో చేసిన సైనికులను వేలకొలది పాతిపెట్టిరి. 1974లో షియాన్ నగరమునొద్ద రైతులు నూయి త్రవ్వుచుండగా అవి బయల్పడినవి. దాదాపు 8000 ఉండునని పండితుల యంచనా. ఆ సైన్యములో ఆడుదియొక్కతెయు లేదు. సైన్యమున ఆడువారేల యని మీరనవచ్చును. మేమును అట్లే యనుకొంటిమి.

వీరినిజూచి నవీన శిల్పులు కొందఱు చమత్కారములు చేసిరి. యూయే మిన్‌జున్ అను చీనా చిత్రకారుడు తన మొగమునకే పండ్లికిలించు నవ్వు తగిలించి, అట్టి బొమ్మలను సైనికులవలె బారులు తీర్చెను. నవ్వుకొని పుట త్రిప్పితిమి. ఆ తరువాతి పుటలో నవ్వు రాలేదు.

ప్రూన్ నూరీ యను ఫ్రెంచి శిల్పిని షియాన్‌కు పోయి, అచ్చటి పనివారితో కలసి 2013లో 108 బాలికల బొమ్మలను ఆ సైనికుల రీతిగనే చేయించినది. (ఆ సంఖ్య చూడగానే మాకు జపమాల తలపునకు వచ్చినది.) కవచములు లేవు, బడిపిల్లల దుస్తులు. ఎనమండుగురు అనాథ బాలికల రూపములు వీనికి మూలము. ఆ తొలి యెనిమిది బొమ్మలు అమ్మగా వచ్చిన ధనము ఆ పిల్లల చదువునకే పోయినది.

చీనాలో 2010 జనాభా లెక్కలనాటికి నూరుగురు ఆడశిశువులకు సుమారు 118 మంది మగశిశువులు పుట్టుచుండిరి. స్కానింగులో ఆడుదని తెలిసికొని తీసివేయించుటయే ఇందుకు ముఖ్యకారణము. చీనామాట మనకేల యందురా? 2011 లెక్కలలో మనదేశమున ఏడేండ్లు నిండని మగపిల్లలు వేయిమందికి ఆడపిల్లలు సుమారు 918 మందియే. ఈ శిల్పినియే 2010లో ఢిల్లీ వీథులలో సగము ఆవు, సగము ఆడపిల్లయైన బొమ్మలను నిలిపినది. గోవునకు మ్రొక్కి కూతురిని వలదను చేతులను గుఱించి యడుగుటకు!

మా మూడవ కాన్పునాడు పెద్దత్తగారొకరు గడపలోనే నిలిచి, “మరల ఆడుదేనా?” యని, కాఫీయైనను త్రాగక వెడలిపోయిరి. ఆమెపై నేరము మోపుట సులభము. కాని ఆ రాత్రి మేమును ఏడ్చితిమి. ఆ యేడ్పు పిల్లకొఱకు కాదు, మాకొఱకే. ఈమాట మావారితో సైతము నేటివఱకు చెప్పలేదు.

ఆ 108 మందిని పెక్కు దేశములలో చూపి, 2015లో చీనాలోనే రహస్యస్థలమున పూడ్చిరి. 2030లో త్రవ్వి తీయుదురట. నాగేటిచాలున దొరకి తుదకు భూమిలోనికే పోయిన సీతమ్మ మాకు జ్ఞప్తికి వచ్చినది. ఆమెను మరల త్రవ్వి తీయుదమని యెవరును గడువు పెట్టలేదు.

మా మూడవపిల్ల ఎప్పుడు లేచివచ్చెనో, మా భుజముమీదుగా పుస్తకములోనికి తొంగిచూచి, “అమ్మా, అంతకాలము మట్టిలో వాండ్లకు ఊపిరాడునా?” యన్నది.

“బొమ్మలే తల్లీ,” యంటిమి.

“మొగములు నిజము పిల్లలవేనా?”

“అవును.”

అది పుస్తకము ఒడిలోనికి లాగికొని, వ్రేలు పెట్టి ఒకటొకటిగా లెక్కింప మొదలిడెను. ముప్పదియెనిమిదవ బొమ్మయొద్ద నిదురపోయినది.