మా చిన్నమామ రేచీకటి



మాది గంగవరం మండలం, ఎరుకుల కుటుంబం. మా చిన్నమామ పగలు టమోటా తోటలో అందరికన్నా ముందుంటాడు. పొద్దు గూకితే కండ్లు కనపడవు. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగినాయంటే అందరూ టార్చీలు పట్టుకొని పొలాలకు పోతారు, ఆయన గడప దాటడు. పిరికోడని నవ్వేవాళ్లు. మా అవ్వయితే ఎవరో చేతబడి చేసినారంటుంది.

నేను డిగ్రీలో జువాలజీ చదువుతా ఉన్నా. కంటి వెనక రెటీనా అనే పల్చటి పొర ఉంది. దాంట్లో పగటి వెలుతురుకీ రంగులకీ కోన్లు 60 లక్షలు, మసక వెలుతురుకి రాడ్లు దగ్గర దగ్గర 12 కోట్లు. రాడ్ లోపల రొడాప్సిన్ ఉంటుంది. విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినాల్ దాంట్లో ఒక భాగం. వెలుతురు తగలగానే వంగి ఉన్న రెటినాల్ నిటారు అవుతుంది. చూపు మొదలయ్యేది ఆడే. ఇంకో వింత చూడండి: రాడ్ చీకట్లో పక్క కణానికి రసాయనం వదులుతానే ఉంటుంది, వెలుతురు పడితే తగ్గిస్తుంది. ఆ తగ్గడమే కబురు. అన్ని కోట్ల కణాల కబుర్లను రెటీనాయే వడగట్టి, సుమారు 10 లక్షల నరాల పోగుల్లో మెదడుకు పంపుతుంది.

విటమిన్ ఎ చాలకపోతే రొడాప్సిన్ సరిగా తయారు కాదు, రేచీకటి వస్తుంది. చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి సిరప్ పోసేది అందుకే. మామకి మునగాకు, బొప్పాయి ఏండ్ల తరబడి పెట్టినాం. తగ్గలేదు. తిరుపతిలో కంటి డాక్టరు చుక్కల మందేసి చూసి రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నాడు. రాడ్లే చచ్చిపోతా ఉన్నాయంట. పోనుపోను గొట్టంలోంచి చూసినట్టు అవుతుంది.

ఇది జన్యువుల జబ్బు. చాలా రకాల్లో అమ్మ, నాయన ఇద్దరి నుంచీ లోపం వస్తేనే బయటపడుతుంది. మా అవ్వాతాతలది మేనరికం. (మేనరికం మనలోనే కాదు, జిల్లాలో అన్ని కులాల్లోనూ ఉంది.) ఇప్పుడు మా అక్కను చిన్నమామకే ఇవ్వాలని పెద్దోళ్లు అనుకుంటున్నారు. మామది ఆ రకమే అయి, అక్కలో కూడా అదే లోపం దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. నేను కాగితం మీద లెక్కేసి ఇంట్లో చూపించినా. మా అమ్మ ఏడ్చింది. నాయన ఏం మాట్లాడలేదు.

రక్త పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ముహూర్తం మాటెత్తొద్దని చిన్నమామే అవ్వతో చెప్పినాడు. అవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదు.