డర్బన్ సముద్రంలో సాల్మన్ వేట

మన నాటాల్‌లో సాల్మన్ అంటే డబ్బాలో వచ్చే ఎర్ర చేప కాదు. కేప్ సాల్మన్ అని మనం పిలిచేది గీల్‌బెక్. డాగా సాల్మన్ అనేది కాబ్. అసలు సాల్మన్‌తో వీటికి చుట్టరికమే లేదు. ఆఫ్రికాన్స్‌లో గీల్‌బెక్ అంటే పసుపు నోరు. నోరు తెరిచి చూస్తే లోపలంతా పసుపు పూసినట్టు ఉంటుంది. కేప్ వైపు నుంచి సార్డైన్ల వెనుకే పైకి వచ్చి, ఆగస్టు నుంచి నవంబరు దాకా మన తీరంలో గుడ్లు పెడుతుంది.

సెప్టెంబరు సెలవుల్లో మా మామయ్య నన్నూ, ఆయన మనవణ్ణీ స్కీబోట్‌లో తీసుకెళ్ళారు. ఆయనకు 76 ఏళ్ళు. ఈ సీజన్ అయ్యాక బోటు అమ్మేస్తారు. మనవడికి జొహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం, అక్కడ సముద్రం ఎక్కడిది?

తెల్లవారుజామున మూడున్నరకు లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. మామయ్య రేడియోలో పోర్ట్ కంట్రోల్ అనుమతి అడిగారు. చీకట్లో సాలిస్‌బరీ ఐలండ్ పక్కగా వెళ్తుంటే మోటర్ల వేగం తగ్గించారు. ఇప్పుడు అక్కడ కంటైనర్లు, క్రేన్ల దీపాలు. ఒకప్పుడు గిర్మిట్ ముగించుకున్న మనవాళ్ళు అక్కడ గుడిసెలు వేసుకుని, వలలు లాగి బతికారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళం కోసం వాళ్ళను ఖాళీ చేయించారు. తర్వాత గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చి ఎందరినో సముద్రానికి దూరంగా చాట్స్‌వర్త్‌లో పడేసింది. మామయ్య తండ్రి పుట్టింది ఆ ఐలండ్ మీదే. మామయ్య అటు చూశారు, ఏమీ అనలేదు.

నార్త్ పియర్, సౌత్ పియర్ దాటగానే అలలు బోటును ఎత్తి కుదేశాయి. బ్లఫ్ మీద కూపర్ లైట్‌హౌస్ దీపం తిరుగుతూనే ఉంది. రాతిగుట్ట మీద ఇంజన్లు ఆపి, "గాలానికి ఎర గుచ్చు, టీచరమ్మా" అన్నారు మామయ్య. నేను తెలుగు గుడి తరగతుల్లో నేర్చుకున్నాను. మా పుస్తకంలో పడవ ఉంది, వల ఉంది, గాలం లేదు! ఆయనకు తెలుగు చదవడం రాదు, కానీ తండ్రి నుంచి ఈ మాటలు వచ్చాయి. బతికున్న మాస్‌బాంకర్‌ని గుచ్చి వదిలాను.

మొదటి చేప నాకే పడింది. చేతులు నొప్పెట్టేదాకా లాగాను. వెలుగు వచ్చేసరికి బోటులో ఆరు గీల్‌బెక్‌లు. మనిషికి రోజుకు రెండే, అదీ 60 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మనవడు ఇంకా పట్టి వదిలేద్దామన్నాడు. "లోతులోంచి లాగితే దాని కడుపులో గాలితిత్తి ఉబ్బుతుంది. వదిలినా బతుకుతుందని నమ్మకం లేదు. చాలు, చుట్టెయ్" అన్నారు మామయ్య. తన వయసులో ఉన్నప్పుడు ఒక్క రాత్రికి బోటు నిండేదని మనవడికి చెప్పారు. అంతలా పట్టబట్టే ఈ రోజు రెండుకు వచ్చిందని కూడా ఆయనే అన్నారు.

ఇంట్లో అత్తయ్య తలకాయలతో పులుసు పెట్టింది. చింతపండు, మెంతులు, కరివేపాకు, రెండు పచ్చి మామిడి ముక్కలు. మనవడు రెండుసార్లు వడ్డించుకున్నాడు. మామయ్య మాత్రం తినకుండా బయట మోటర్లకు మంచినీళ్ళు పట్టి ఉప్పు కడుగుతున్నారు. కొనేవాళ్ళు శనివారం చూడ్డానికి వస్తారట.