పది సెకన్ల తేడా

రోడ్డు దాటుతుండగా కారు గుద్దిన పెద్దవాళ్లలో చాలామందికి ముందు విరిగేది మోకాలి కింద ఎముక. బంపర్ ఎత్తు సరిగ్గా అంతే. ఆ తర్వాత మనిషి బానెట్ మీద పడతాడు, తల అద్దానికో తారు రోడ్డుకో కొట్టుకుంటుంది. కాలికి రాడ్డు వేసి మళ్లీ నడిపించవచ్చు. ప్రాణం మీదికి తెచ్చేది తలలో రక్తస్రావం. గుండెజబ్బుకు రక్తం పలచబడే మందులు వాడుతున్న వృద్ధుల్లో దాన్ని ఆపడం మరీ కష్టం. మన దగ్గర బండ్లు ఎడమవైపు నడుస్తాయి కనుక, డివైడర్ చేరేలోపు కారు కుడివైపు నుంచి వస్తుంది, డివైడర్ దాటాక ఎడమవైపు నుంచి. ఏ పక్క దెబ్బ తగిలిందో చూస్తే, మనిషి రోడ్డులో ఏ సగంలో ఉన్నాడో చాలాసార్లు తెలిసిపోతుంది. ఎడమకాలు విరిగిన పెద్దాయనకు అజాగ్రత్త అంటగట్టే ముందు, ఆయనకు టైము చాలిందా అని అడగాలి.

పాదచారుల సిగ్నల్‌ను సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్కన పెడతారు. 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు. మోకాళ్లు అరిగినవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు 0.8 మీటర్లు నడిస్తే అదే గొప్ప. వాళ్లకు 30 సెకన్లు పడుతుంది. ఆ చివరి పది సెకన్లూ వాళ్లు కదిలే బండ్ల మధ్యే ఉంటారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 32,825 మంది పాదచారులు చనిపోయారు. ఇంతమందినీ క్రమశిక్షణ లేనివాళ్లనడం నాకు మనసొప్పదు.

ఫోన్ చూస్తూ దాటేవాళ్లు లేరా? ఉన్నారు, అది తప్పే. కానీ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దిన కారుకన్నా 65తో గుద్దిన కారు వల్ల చావు ముప్పు నాలుగున్నర రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడిచేవాడి పొరపాటుకు ఎంత శిక్ష పడాలో నిర్ణయించేది బండి వేగమే. ఫుట్ ఓవర్ బ్రిడ్జిలు కట్టినా ఎక్కరంటారు. మెట్లు ఎక్కొద్దని మోకాళ్ల నొప్పులవాళ్లకు చెప్పేది డాక్టర్లమైన మేమే కదా! 2023లో తెరిచిన ఉప్పల్ స్కైవాక్‌కు లిఫ్టులు, ఎస్కలేటర్లు పెట్టారు, సంతోషం. ప్రతి కూడలిలో అంత ఖర్చు పెట్టలేం. సిగ్నల్ టైము పెంచితే ట్రాఫిక్ ఆగిపోతుందన్న భయంలో కొంత నిజముంది. అలాంటిచోట ఒక్కో సగానికి వేరే సిగ్నల్ పెట్టి, దాటేచోట డివైడర్‌ను రోడ్డు మట్టానికి దించి, వాకర్ పట్టుకున్న మనిషి భయం లేకుండా ఆగేంత వెడల్పు ఇస్తే చాలు. ఇప్పుడు చాలాచోట్ల అక్కడ పూలమొక్కలు, ఇనుప కంచె ఉన్నాయి.