ఆ కారు సీను తర్వాత

సెర్జియో లియోనె తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా’ను గ్యాంగ్‌స్టర్ సినిమాలకు తలమానికం అంటారు. 1984లో కాన్ చిత్రోత్సవంలో చూపించినప్పటి నుంచీ ఆ పేరు అలాగే ఉంది. న్యూయార్క్ పేదవాడలో పెరిగిన యూదు కుర్రాళ్లు దొంగ సారాతో పైకొచ్చి, చివరికి ఒకరి గొంతు ఒకరు కోసుకున్న కథ. నిడివి 229 నిమిషాలు. హైదరాబాదులో ఒక ఫిల్మ్ క్లబ్ వాళ్లు వేస్తే వెళ్లాను. ఆ సాయంత్రం నేనేం పడ్డానో చాలాకాలం ఎవరితోనూ అనలేదు. ఈమధ్య మా బంధువుల అమ్మాయి ఫిల్మ్ కోర్సులో చేరి, తప్పక చూడాల్సిన సినిమాల జాబితా అంటూ ఒక కాగితం చూపించింది. అందులో ఈ పేరు పైనే ఉంది. అందుకే రాస్తున్నాను.

కుర్రాళ్ల చిన్నతనం బాగా తీశాడు. అది కాదనను. ప్యాట్సీ అనేవాడు ఓ అమ్మాయికి ఇద్దామని క్రీమ్ కేకు కొని, ఆమె తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుంటాడు. కాగితం విప్పి, అంచున అంటుకున్న క్రీము వేలితో తీసి నాకుతాడు. మూసేస్తాడు. ఉండబట్టలేక మళ్లీ విప్పుతాడు. చివరికి వచ్చిన పని మర్చిపోయి కేకంతా తినేస్తాడు. పిల్లాడి మనసు అంత దగ్గరగా పట్టుకున్న దర్శకుడి మీద ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. నాకూ కుదిరింది.

వాళ్లు పెద్దవాళ్లయ్యాక అదే దర్శకుడికి ఆడవాళ్లు మనుషుల్లా కనపడరు. ఒక వజ్రాల దోపిడీలో కథానాయకుడు నూడుల్స్ అక్కడున్న కరోల్ అనే ఆవిణ్ణి బలవంతం చేస్తాడు. ఆవిడకు అది ఇష్టమేనన్నట్టు తీశారు. తర్వాత ఆవిడ ఈ ముఠాకే ఎదురుపడితే, మొహాలకు రుమాళ్లు కట్టుకుని ప్యాంట్లు విప్పి వరసగా నిలబడి, ఆ రోజు మేమెవరమో గుర్తుపట్టమంటారు. మా హాల్లో అక్కడ నవ్వులు వినపడ్డాయి. నవ్వడానికే తీశారు మరి.

ఆ తర్వాత డెబొరా. నూడుల్స్ చిన్నప్పటి నుంచీ ఆరాధించిన అమ్మాయి. డి నీరో నూడుల్స్, ఎలిజబెత్ మెక్‌గవర్న్ డెబొరా. ఆమె కోసం సముద్రం ఒడ్డున హోటలు మొత్తం మాట్లాడతాడు. వాయిద్యాలు, పువ్వులు, ఖాళీ టేబుళ్లు. మర్నాడు తను హాలీవుడ్ వెళ్లిపోతున్నానని ఆమె చెబుతుంది. తిరిగొచ్చే దారిలో, కారు వెనక సీట్లో, ఆమెను చెరుస్తాడు. అది గబుక్కున అయిపోయే సీను కాదు. ఆమె అరుస్తూనే ఉంటుంది, కారు నడుస్తూనే ఉంటుంది. చివరికి డ్రైవరే ఆపుతాడు.

నా సంగతి చెప్పాలి. పాతికేళ్లు నిండకముందు, మా ఇంటికి రాకపోకలున్న ఒక పెద్దమనిషి పెళ్లి నుంచి తిరిగొస్తూ కారులో దింపుతానన్నాడు. దారిలో చెయ్యేశాడు. ఆపమంటే ఆపలేదు. రైల్వే గేటు పడి కారు ఆగింది కాబట్టి దిగి పరిగెత్తాను. అమ్మకు చెబితే, ఎవరితోనూ అనకు అంది.

డెబొరా అరుపు మొదలవగానే నాకు చెవుల్లో హోరు పుట్టింది. చల్లటి హాల్లో జాకెట్టు తడిసిపోయింది. లేచి వెళ్దామంటే వరస మధ్యలో ఉన్నాను, అందరి మోకాళ్లూ దాటుకుని వెళ్లాలి. లేస్తే ఎందుకు లేచిందో అందరికీ తెలిసిపోతుందని భయం. కళ్లు మూసుకుంటే అరుపు ఇంకా పెద్దగా వినపడింది. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

నన్ను అంతకంటే బాధపెట్టింది ఆ తర్వాతి భాగం. డ్రైవరు నూడుల్స్ ఇవ్వబోయిన డబ్బు తీసుకోకుండా ఆమెను ఎక్కించుకుని వెళ్లిపోతాడు. ఈ సినిమాలో నేను దణ్ణం పెట్టే మనిషి ఆ డ్రైవరొక్కడే. కెమెరా మాత్రం ఆమె వెంట వెళ్లదు, నూడుల్స్ దగ్గరే ఉండిపోతుంది. స్టేషన్లో ఆమె రైలు కిటికీలోంచి అతన్ని చూసి తెర దించేస్తే, మనం ప్లాట్‌ఫాం మీద అతనితో నిలబడి అతని కోసం బాధపడాలి. ముప్పై అయిదేళ్ల తర్వాత, 1968లో, ఇద్దరూ ఆమె మేకప్ గదిలో కలుస్తారు. ఆ రాత్రి గురించి ఒక్క మాట ఉండదు. ఆమె అతని స్నేహితుడు మ్యాక్స్ దగ్గరే ఉంటోందని, మ్యాక్స్ కొడుక్కి నూడుల్స్ అసలు పేరే పెట్టారని తెలుస్తుంది. ఇద్దరు మగవాళ్ల స్నేహం ఎంత లోతైనదో చెప్పడానికి ఆమె బతుకంతా ఖర్చయింది.

సినిమా అయ్యాక టీ ఇచ్చి చర్చ పెట్టారు. అమెరికాలో పంపిణీదారులు దీన్ని 139 నిమిషాలకు కోసి, ముందువెనకల కథను వరసగా అతికించి విడుదల చేశారని చెప్పారు. అది నిజమే, దారుణమే. లియోనె 1989లో పోయాడు, మరో సినిమా తీయలేదు. పాపం లియోనె అన్నారు. మోరికోనె సంగీతం గురించి, షూటింగుకు ముందే బాణీలు కట్టించుకున్న సంగతి గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. పాపం డెబొరా అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

డెబొరా సంగతేమిటని నేను చెయ్యెత్తి అడిగాను. గొంతు వణుకుతోంది. నిర్వాహకుల్లో పెద్దాయన, “అమ్మా, మీరు ఎమోషనల్‌గా తీసుకుంటున్నారు. నూడుల్స్ తన జీవితాన్ని తనే పాడుచేసుకున్న క్షణమది. దాన్ని ట్రాజెడీగా చూడాలి” అన్నారు. వెనక నుంచి ఎవరో, “ఇది తెలుగు సినిమా కాదు మేడమ్” అన్నారు. చెల్లెల్ని చెరిస్తే హీరో కత్తి పట్టే మన సినిమాలను ఇదే క్లబ్బులో దుమ్మెత్తిపోస్తారు. పోయాల్సిందే. అక్కడ ఆడపిల్ల కష్టం హీరో కోపానికి పనికొచ్చింది, ఇక్కడ హీరో విచారానికి పనికొచ్చింది. తేడా నాకైతే కనపడలేదు.

చూపించినంత మాత్రాన సమర్థించినట్టా అని అడుగుతారు. కాదు. చూపించాక దర్శకుడు ఎవరి పక్కన కూర్చున్నాడన్నదే నా ప్రశ్న. గ్యాంగ్‌స్టర్ కథల్లో ఆడవాళ్లకు చోటెక్కడ అన్నదీ సాకే. 1990లో వచ్చిన స్కోర్సెసీ ‘గుడ్‌ఫెల్లాస్’లో కేరెన్ తన కథ తన గొంతుతోనే చెబుతుంది. ఎందుకు ఆకర్షణలో పడిందో, ఎందుకు భయపడిందో మనకు తెలుస్తుంది. డెబొరాకు అంత నిడివిలోనూ ఆ అవకాశం రాలేదు. మనుషుల్లో సగంమంది మనసు చూడలేకపోయిన సినిమాకు తలమానికం అన్న పేరు చెల్లదు. సంగీతానికీ, ఆ పిల్లల సీన్లకూ దక్కాల్సిన మెప్పు దక్కాలి. అంతకు మించి ఇవ్వను.

ఫిల్మ్ క్లబ్బులు నడిపేవారికీ, పాఠాలు చెప్పేవారికీ ఒక విన్నపం. ఈ సినిమా వేయండి, వద్దనను. వేసేముందు ఇందులో ఏముందో మైకులో చెప్పండి. లేచి వెళ్లాలనుకున్నవాళ్లకు చివరి కుర్చీలు ఇవ్వండి. చర్చలో ఒక ఆడమనిషి చెయ్యెత్తితే ఆమెకు ట్రాజెడీ అంటే ఏమిటో బోధించకుండా, చెప్పేది పూర్తిగా వినండి.