తెల్లబడని కుర్తా

మా మదరసా ఆవరణలో ఒక చేదబావి ఉంది. ఏడు మట్ల లోతు. ఎంత ఎండాకాలంలోనైనా అడుగున నీరు నిలిచే ఉంటుంది. అందుకు అల్లాహ్‌కు ఎన్ని కృతజ్ఞతలు చెప్పుకున్నా తక్కువే. అయితే ఆ నీటితో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. 1998లో నేను ఉపాధ్యాయుడిగా ఇక్కడికి వచ్చిన తొలి వారంలోనే నా భార్య ఈ రెండు సంగతులనూ కనిపెట్టింది. నాకు అవి తెలియడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

మాది కర్నూలు. తుంగభద్ర నీటికి అలవాటుపడిన కుటుంబాలు మావి. ఇక్కడ, ఈ బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతంలో ఎక్కడ తవ్వినా నాపరాయే. ఇళ్ళ అరుగులు, నేల, చాలా చోట్ల పైకప్పు కూడా ఆ రాతి పలకలే. మేము బట్టలుతికే బండా అదే. నాపరాయి అంటే సున్నపురాయి జాతిది. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని భూమిలోకి దిగుతూ ఆ రాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. చూడటానికి నీరు అద్దంలా ఉంటుంది. కాచిన గిన్నె అడుగున మాత్రం తెల్లటి పెచ్చు కడుతుంది. మనం బావిలో నుండి చేదుకునేది సగం నీరు, సగం రాయి అని నా భార్య అనేది.

నేను విద్యార్థులకు ఫిఖహ్ బోధిస్తాను. ఖుదూరీ గ్రంథంలో మొదటి అధ్యాయమే తహారత్. ఏ నీటితో శుద్ధి చేసుకోవచ్చు, ఏ నీటితో కూడదు అన్నది అందులో వివరంగా ఉంది. బావిలో ఎలుక పడి చస్తే 20 నుండి 30 బొక్కెనలు తోడాలి. కోడో, పిల్లో పడి చస్తే 40 నుండి 60. ఈ లెక్కలు నాకు కంఠతా వచ్చు. నా ఇంటి బట్టలు ఒకసారి ఉతకడానికి నా భార్య ఎన్ని బొక్కెనలు చేదుతున్నదో మాత్రం నేను ఎన్నడూ లెక్కపెట్టలేదు.

శుక్రవారం నాటి నా తెల్ల కుర్తా నాకు తెల్లగానే కావాలి. అది ఏడాది తిరగకముందే పసుపు పట్టేది, అట్టలా బిరుసెక్కేది. నేను విసుక్కునేవాణ్ణి. ఆమె నీలిమందు పాలు పెంచేది. అప్పుడది బూడిద రంగుకు తిరిగేది. ఒకసారి, “మా అమ్మ ఉతికితే మల్లెపువ్వులా ఉండేది” అన్నాను. “అది అత్తమ్మ చేతి మహిమ కాదండీ, తుంగభద్ర మహిమ” అన్నది. తల్లిని తక్కువ చేసిందని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

అంతకంటే సిగ్గుపడవలసింది మరొకటుంది. 2006లో మా వసతిగృహంలో పన్నెండు పదమూడేళ్ళ బాలుడొకడు ఉండేవాడు. తండ్రి కూలి పని చేసేవాడు. బాలుడికి ఉన్నవి రెండు జతల బట్టలు. ఒక శుక్రవారం ఉదయం అతను మాసినట్టున్న కుర్తాతో పాఠానికి వచ్చాడు. శుభ్రత ఈమాన్‌లో భాగమని రోజూ చదువుకుంటూ ఇదేమిటని అందరి ముందూ నిలదీశాను. “నిన్ననే ఉతికాను ఉస్తాద్” అన్నాడు. “అబద్ధమాడకు” అన్నాను. అతను మరి మాట్లాడలేదు. కుర్తా అంచును పిడికిలిలో ముడిచి పట్టుకొని పాఠం ముగిసేవరకూ అలాగే కూర్చున్నాడు. రమజాన్ సెలవులకు ఇంటికి వెళ్ళి, తిరిగి రాలేదు.

ఆ సెలవుల తరువాతే నా భార్యకు శస్త్రచికిత్స జరిగింది. ఆరు వారాలు బరువులెత్తరాదని వైద్యురాలు గట్టిగా చెప్పింది. పిల్లలు చిన్నవాళ్ళు. దైవప్రవక్త (స) ఇంట్లో తమ దుస్తులు తామే కుట్టుకునేవారని విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన విషయాన్ని నేను ఎన్ని జుమా ప్రసంగాలలో చెప్పానో లెక్కలేదు. బొక్కెన పట్టుకొని బావి దగ్గరకు వెళ్ళింది మాత్రం అదే మొదటిసారి.

ఐదుగురి బట్టలు. సబ్బు రుద్దాను, నురగ రాలేదు. మరింత రుద్దాను. నురగకు బదులు విరిగిన పాలలాంటి జిగట ముద్ద వేళ్ళకు అంటుకుంది. సగం బిళ్ళ అరిగాక కాస్త నురగ కనిపించింది. జాడించడానికి నీళ్ళు పోస్తే అదీ విరిగిపోయి ముద్ద తిరిగి బట్టకే పట్టుకుంది. మళ్ళీ చేదాను, మళ్ళీ జాడించాను. చివరి గుడ్డ దండెం మీద వేసేసరికి 38 బొక్కెనలయ్యాయి. ఎలుక లెక్క దాటి కోడి లెక్కకు దగ్గరపడ్డాను. అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి నా కుర్తా ఆరింది. అది ఆ బాలుడి కుర్తా రంగులోనే ఉంది.

మంచం మీద నుండి నా భార్య ఆ కుర్తానూ నన్నూ చూసింది. ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మా ఊరి ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పే మాస్టారు నాకు మిత్రుడు. ఆయన రెండు సీసాలు తెప్పించి, ఒకదానిలో పట్టి ఉంచిన వాన నీరు, ఒకదానిలో మా బావి నీరు పోసి, రెండింటిలోనూ చిటికెడు సబ్బు తురుము వేసి గిలకరించాడు. వాన నీటి సీసాలో నురగ మెడ దాకా లేచింది. బావి నీటి సీసాలో తెల్లటి తరకలు తేలాయి. నీటిలో కరిగిన సున్నం సబ్బును పట్టుకొని ఆ తరకగా మారుతుందట. సున్నమంతా తీరేవరకూ సబ్బు మురికి జోలికే పోదు. బట్టను పసుపెక్కించేది, బిరుసెక్కించేది కూడా ఆ తరకే. అంటే ఆ కుర్తాలో కనిపించినది మురికి కాదు. సబ్బు రుద్ది కష్టపడి ఉతికిన గుర్తు.

ఇక విరుగుడు. పది లీటర్ల బొక్కెనకు రెండు చెంచాల బట్టల సోడా కలిపి రాత్రి ఉంచితే, తెల్లవారేసరికి సున్నం అడుగుకు దిగుతుంది. పైని తేట నీటిని మరో తొట్టిలోకి వంచుకొని, అప్పుడు సబ్బు వాడాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఉతికిన తరువాత మొదటి జాడింపు కూడా ఈ తేట నీటితోనే చేయాలి. లేకపోతే బట్టలో మిగిలిన సబ్బు బావి నీరు తగలగానే మళ్ళీ విరుగుతుంది. ఎనిమిదేళ్ళు నా భార్య శ్రమ వృథా అయింది ఎక్కువగా ఆ జాడింపులోనే. సోడా ఎక్కువైతే చేతులు పగులుతాయి, రంగులు పోతాయి. పట్టుకూ ఉన్నికీ అసలు తగదు. కుంకుడు రసానికి ఈ సున్నం బెడద లేదు కనుక వాటికి అదే మేలు. వానాకాలంలో చూరు కింద గాబులు పెట్టి పట్టిన నీటికి మించినది ఏదీ లేదు. ఇప్పుడు దొరికే పొడులు గట్టి నీటిలోనూ నురగనిస్తాయి. అయినా తెల్ల బట్టలకు మా ఇంట్లో తేట నీరే వాడతాము.

ఇదంతా తెలిశాక నాకు మొదట గుర్తొచ్చింది కుర్తా కాదు. బట్టకు అంటిన అశుద్ధం తొలగిపోయాక, వదిలించడానికి కష్టమైన మరక మిగిలితే దోషం లేదు, సబ్బు వాడటం షరతు కాదు. ఈ మసలా ఖుదూరీలో ఉంది. ఆ బాలుణ్ణి నిలదీయడానికి నెల ముందు అదే తరగతిలో నేనే బోధించాను. అతను కావాలంటే నా పాఠాన్నే నాకు అప్పజెప్పగలిగేవాడు. గురువు ముందు నోరెత్తకూడదన్న అదబ్ కూడా నేను నేర్పినదే.

మరుసటి నెల వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇల్లు తాళం వేసి ఉంది. కుటుంబమంతా పనులకు తాడిపత్రి వైపు వెళ్ళిందని పక్కింటి పెద్దాయన చెప్పాడు. ఎక్కడున్నారో ఆయనకూ తెలియదు. బాలుడు చదువు మానడానికి నా మాటే కారణమని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోగలను. కానీ అతనికి చెల్లించవలసింది అతనే మాఫీ చేయాలి.

ఇప్పుడు బావికి మోటారు వచ్చింది. నీటి గుణం అదే. గురువారం మధ్యాహ్నం పిల్లల బట్టల సమయం. బుధవారం రాత్రే ఇద్దరు పెద్ద విద్యార్థులు తొట్లలో సోడా కలిపి ఉంచుతారు. కొత్తగా చేరిన పిల్లలకు సీసాల ప్రయోగం నేనే చేసి చూపుతాను. నా కుర్తా నేనే ఉతుక్కుంటాను. నా భార్య దాన్ని దండెం మీద నుండి తీసి, మెడపట్టీని ఎండకు ఎత్తి చూస్తుంది.

“ఇంకొక్క జాడింపు పడాలండీ” అంటుంది. నేను తొట్టి దగ్గరకు వెళతాను.